పొగాయన పెరడు

ఆ వీధిలో ఆయన అసలు పేరు ఎవరి నోటా నిలవలేదు. మునిసిపాలిటీలో దోమల మందు పొగ వదిలే పనిలో చేరిన కొన్నాళ్లకే ‘పొగాయన’ అయిపోయాడు. రిటైరయ్యాక పొగమిషను వెనక్కి ఇచ్చేశాడు కానీ పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండిపోయింది. భుజాన మిషను వేలాడేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చెవులు గింగురుమనే చప్పుడుతో సందు సందూ తిరిగిన మనిషి. పొగ వెనకాల పిల్లలు కేరింతలు కొడుతూ పరిగెత్తేవాళ్లు. ఆయన వెనక్కి తిరిగి, “పోండర్రా, లోపలికి పోండి!” అని చెయ్యి విసిరి అరిచేవాడు. మోటారు మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడేది కాదు. తమని చూసి చెయ్యూపుతున్నాడనుకుని పిల్లలు కూడా చేతులూపేవాళ్లు.

అన్నేళ్ల పొగ ఆయన ఒంట్లోనే ఉండిపోయింది. ముందు ముక్కు పోయింది. అన్నం మాడుతున్నా, గ్యాసు వదిలేసినా, ఎవరో ఒకరు చెప్పేదాకా తెలిసేది కాదు. తర్వాత ఆయాసం పట్టుకుంది. ఆ పైన చేతులు వణకడం మొదలుపెట్టాయి. టీ గ్లాసు సగమే పోయించుకునేవాడు, నిండుగా పోస్తే మిగతా సగం చొక్కా తాగేస్తుందని.

భార్య చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టేది. వేళ్లు చురుకైనవి. దారం కొసని నాలుక మీద తడిపి ఒక్క విసురుకి సూదిలో ఎక్కించేది. ఆ పనిలోనే కళ్లు మసకబారాయి. ఆపరేషన్ అయినా ఒక కన్నే కాస్త తేరుకుంది. ఫ్యాక్టరీ వాళ్లు, “ఇంక చాలమ్మా” అన్న రోజున ఇంటికొచ్చి, “మీకు చేతుల్లేవు, నాకు కళ్లు లేవు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక మనిషి అవుతాడు” అని నవ్వింది. పిల్లలు కలగని ఇల్లు అది. ఉన్న ఆ ఇద్దరూ ఒకళ్లని ఒకళ్లు ఆటపట్టించుకుంటూనే రోజులు గడిపేవాళ్లు.

వరస ఇళ్లలో వాళ్లది చిట్టచివరిది. వెనకాల గోడకీ మురుగు కాలవకీ మధ్య పొడుగాటి జాగా ఒకటి ఖాళీగా పడి ఉండేది. గాజుపెంకులు ఏరి, నేల తవ్వి, అందులో వంగ, బెండ, టమాటా వేశారు. గోడ పొడుగునా తాళ్లు కట్టి చిక్కుడూ, దోసా పాకించారు. మొక్క వేసినంత సేపు పట్టలేదు, పురుగులు దిగాయి. పేనుబంక లేత చిగుళ్లని నల్లగా కమ్మేసింది. తెల్లదోమ, ఆకు తాకితే చాలు, పిండి దులిపినట్టు లేచేది. వంగకొమ్మ చివర తల వేలాడేసిందంటే లోపల తొలుచుపురుగు కాపరం పెట్టినట్టే.

“మందు కొడితే పోతాయి కదా! ఆ పనేగా నువ్వు చేసింది?” అని పక్కింటాయన గోడ మీంచి సలహా ఇచ్చాడు.

“ఆ పని చేశాను కాబట్టే కొట్టను,” అన్నాడు పొగాయన.

కొట్టలేదు కూడా. సబ్బునీళ్లు చల్లేవాడు. వెల్లుల్లి దంచి, మిరపకాయలు ఉడకబెట్టి, ఆ నీళ్లు వడకట్టి పోసేవాడు. పసుపు రంగు అట్టలకి గ్రీజు రాసి కర్రలకి వేలాడదీస్తే తెల్లదోమ వచ్చి అతుక్కునేది. మిగతాదంతా చేత్తో ఏరడమే. పొద్దున్నే ఎండెక్కకముందు ఇద్దరూ పెరట్లోకి దిగేవాళ్లు. ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని చూసి చెప్పేవాడు. ఆవిడ తడిమి పట్టేది.

“పై ఆకు కింద. అది కాదు, ఇంకా లోపలికి. ఎడం పక్కకి... ఆఁ, అక్కడే.”

“దొరికాడు దొంగ. లావుగా ఉన్నాడు, మన కూరంతా వీడే తిన్నట్టున్నాడు.”

పట్టిన పురుగుని సబ్బునీళ్ల బకెట్లో పడేసేది. కొత్తలో పక్కింటివాళ్లు, ‘ఈయన పొద్దున్నే పెళ్లాన్ని తిడుతున్నాడేమిటి’ అనుకున్నారట.

ఈ ఇంటికి రోజూ వచ్చేవాడు ఒక్కడే. ఆవిడ తమ్ముడు, ఇళ్లకి రంగులేసే పెయింటరు. రెండు వీధుల అవతల ఒంటిగా ఉండేవాడు. చిన్నప్పుడు తల్లి పోతే అక్కే ఎత్తుకుని పెంచింది. ఒంటి మీద ఎప్పుడూ థిన్నరు వాసన. మనిషి మంచివాడు. నిదానం మాత్రం లేదు. ఒక కోటు ఆరకముందే రెండో కోటు వేసేసే రకం.

“బావా, ఈ ఇంట్లో పురుగులకి జరిగిన మర్యాద నాకు జరగట్లేదు. వాటిని ఒక్కోదాన్ని పిలిచి మరీ స్నానం చేయిస్తున్నారు,” అనేవాడు, అక్క పెట్టిన కూర గిన్నె ఊడ్చి తింటూ.

స్నానాలగది గూట్లో ఒక సీసా ఉండేది. దాని సంగతి ఇక్కడే చెప్పాలి.

పొగాయనకి పనిలో ఒక జోడీ ఉండేవాడు. చాలాకాలం ఇద్దరూ ఒకే బండి మీద తిరిగారు. రిటైరయ్యే ఏడు, వడగాడ్పుల్లో, కాలవల్లో కొట్టే మందుని ఆ జోడీ వట్టి చేతులతో కలిపాడు. చేతి తొడుగులు చిరిగిపోయాయి, కొత్తవి ఇంకా రాలేదు. మధ్యాహ్నానికి నోట్లోంచి సొంగ కారింది, చెమటలు ధారగా పోశాయి, కంటిపాపలు ఆవగింజలంత అయిపోయాయి. పొగాయన ఒళ్లో తల పెట్టుకునే పోయాడు. ఆ తర్వాత ఆఫీసువాళ్లు మందు మార్చి, పాత సరుకంతా కాలవలో పారబోసేయమన్నారు. పొగాయన వంతుకి వచ్చినదాంట్లో చివరి సీసా ఆయన చేతిలో ఉండిపోయింది. కాలవ దిగువన బట్టలుతికేవాళ్లున్నారు, గేదెలు నీళ్లు తాగుతాయి. మట్టిలో పోస్తే బావుల్లోకి దిగుతుంది. ఎక్కడ పోసినా ఎవరికో ఒకరికి తగులుతుంది. ఏం చెయ్యాలో తోచక మూతకి తీగ చుట్టి, సంచిలో పెట్టి, ఇంటికి తెచ్చి, ఎవరికీ అందకుండా గూట్లో పై అరలో పెట్టాడు. దాని జోలికి ఎవరూ వెళ్లొద్దని భార్యకీ బావమరిదికీ గట్టిగా చెప్పాడు.

“పాముని తెచ్చి బుట్టలో పెట్టుకున్నట్టుంది,” అంది ఆవిడ.

“బయట వదిలేస్తే ఎవర్ని కరుస్తుందో తెలీదు. ఇక్కడైతే నా కళ్ల ముందు ఉంటుంది,” అన్నాడాయన.

కొన్నేళ్లు గడిచాయి. లేబులు ఊడిపోయింది. సీసా మీద దుమ్ము పట్టింది. దాన్ని చూడటం కూడా మానేశారు.

ఆ ఏడు చలి మొదట్లో పొగాయనకి ఆయాసం ముదిరింది. కూర్చుంటే తప్ప ఊపిరి ఆడలేదు. పెద్దాసుపత్రిలో ఛాతీ వార్డులో చేర్చుకుని ముక్కుకి గొట్టం పెట్టారు. ఆవిడ పొద్దున ఒకసారీ, సాయంత్రం ఒకసారీ బస్సెక్కి వచ్చి వెళ్లేది. పొద్దున్నే పెరట్లో ఏరే పని ఆగిపోయింది. ఆవిడ ఒక్కతే దిగినా, చూసి చెప్పేవాళ్లు లేరు. వారం తిరిగేసరికి చిక్కుడు తీగ నల్లబడింది. బెండాకులు జల్లెళ్లయ్యాయి. వంగకొమ్మలు ఒక్కొక్కటే తల వేలాడేశాయి.

“తోట ఎలా ఉంది?” అని అడిగాడాయన మంచం మీంచి.

“బానే ఉంది,” అంది ఆవిడ. ఆ మాట అన్న తీరులోనే ఆయనకి అర్థమైంది.

ఆ మాట అన్నప్పుడు పెయింటరు పక్కనే ఉన్నాడు. బావ మొహం చిన్నబోవడం చూశాడు. మర్నాడు, అక్క ఆసుపత్రిలో ఉన్న వేళ, మొక్కలకి నీళ్లు పోద్దామని ఆ ఇంటికి వెళ్లాడు. తోటంతా ఒకసారి తిరిగి చూశాడు. బావ తిరిగొచ్చేసరికి ఇదంతా బాగుచేసి చూపించాలనుకున్నాడు. సబ్బునీళ్లు ఒకసారి కొట్టాడు. పేనుబంక కదల్లేదు. అప్పుడు గూట్లో సీసా గుర్తొచ్చింది. దోమల్ని చంపేదే కదా, పురుగుల్ని చంపదా అనుకున్నాడు. తీగ విప్పాడు. రంగు కలిపే చెయ్యి కదా, పల్చగా ఉంటే పట్టదనిపించింది. చిక్కగానే కలిపాడు. గోడలకి సున్నం కొట్టే చేతిపంపులో పోసి, ఆకు పైనా కిందా, పిందెల మీదా, తీగల మీదా, కారేదాకా కొట్టాడు. సీసాని మళ్లీ గూట్లో పెట్టేశాడు. అక్క రాగానే చెబుదామనుకున్నాడు. అంతలో మేస్త్రీ ఫోను చేశాడు. పక్క ఊళ్లో ఓ హోటలు పని, ఇప్పుడే బండెక్కాలన్నాడు. వెళుతూ దారిలో అక్కకి ఫోను చేస్తే ఎత్తలేదు. ఆవిడ అప్పుడు బస్సులో నిలబడి ఉంది. రేపు చెబుదాంలే, ఒక్క రోజులో ఏమైపోతుంది అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, బావకి తెలిస్తే ఏమంటాడోనన్న బెరుకు కూడా ఉంది.

మర్నాడు పొద్దున ఆవిడ పెరట్లోకి దిగింది. ఆకులు అంటుకుంటున్నట్టు తడిగా ఉన్నాయి. ఏదో వాసన. తమ్ముడొచ్చి నీళ్లు పోసినట్టున్నాడు, వాడి థిన్నరు కంపు ఇంకా పోలేదు అనుకుంది. చిక్కుడుకాయలు తడిమి తడిమి కోసి కొంగులో పోసుకుంది. దోసతీగకి రెండు పిందెలు దొరికాయి. ఆయనకి లేత దోసకాయంటే ఇష్టం. ఒకటి, చిక్కుడుకాయలతో పాటే, సంచిలో వేసింది. రెండోదాన్ని, చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటే, చీర చెంగుకి తుడిచి అక్కడే నిలబడి కొరుక్కు తింది. ఆ తడి కొంగుతోనే మొహం తుడుచుకుంది. ఇదంతా ఆవిడ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది.

వార్డు గుమ్మంలో ఆవిడ కనపడగానే పొగాయన ఒకటి గమనించాడు. ఆవిడ నడక తూలుతోంది. మంచం దగ్గరికొచ్చి స్టూలు మీద కూర్చుని సంచిలోంచి దోసకాయ తీసి, “ఇదిగో, మీకోసం...” అంటూ ఆగిపోయింది. పెదవి చివర సొంగ. దాన్ని తుడుచుకుంది, మళ్లీ కారింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా దిగుతోంది. బయట వణికించే చలి.

“బస్సులో కడుపు తిప్పేసిందండీ. ఏమిటో, అంతా చీకటిగా ఉంది. లైట్లు ఆర్పేశారా?”

ఆయన ఆవిడ గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పాడు. రెండు కళ్లలోనూ పాపలు ఆవగింజల్లా ఉన్నాయి. చెంప మీద చర్మం లోపలేదో పాకుతున్నట్టు అదురుతోంది. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ముక్కు గొట్టం పీకేసి లేచాడు.

“సిస్టర్! మందు! మందు తగిలింది! రండి!”

అరిచాననుకున్నాడు గానీ గొంతులోంచి సగమే వచ్చింది. స్టూలు మీంచి ఆవిడ పక్కకి ఒరిగిపోయింది. పట్టుకోబోయాడు. వణికే చేతుల్లోంచి జారిపోయింది. దోసకాయ దొర్లుకుంటూ పక్క మంచం కిందకి పోయింది. పక్క మంచం మనిషి దాన్ని అందుకోబోతే, “ముట్టుకోకు!” అన్నాడు. ఆ మాట మాత్రం వార్డంతా వినపడింది.

ఆసుపత్రిలోనే కూలబడింది కాబట్టి ప్రాణం దక్కింది. కింద ఎమర్జెన్సీ గదికి పరుగున తీసుకెళ్లారు. కంటిపాపలు విచ్చుకునేదాకా సూది మీద సూది వేశారు. ఊపిరికి గొంతులో గొట్టం పెట్టారు. పొగాయన ఆయాసపడుతూ గోడ పట్టుకుని ఆ గది బయట కూర్చున్నాడు. కుర్ర డాక్టరు వచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంట్లో ఏమన్నా గొడవైందా?”

“గొడవా?”

“ఆవిడ ఎందుకు తాగిందని అడుగుతున్నా.”

కాసేపటికి పోలీసు కానిస్టేబులు వచ్చి అదే అడిగాడు, గొంతు తగ్గించకుండా. పిల్లలు లేరా, తాగుతావా, కొడతావా, ఇంకెవరితోనన్నా సంబంధం ఉందా. వరండాలో బెంచీల మీదివాళ్లంతా తలలు తిప్పి చూశారు. జన్మలో భార్య మీద గొంతు పెంచని మనిషి, పురుగుల పేరుతో తప్ప పొద్దున్నే కేకలేయని మనిషి, వీటన్నిటికీ తలొంచుకుని “లేదండి, లేదండి” అని చెప్పుకుంటూ పోయాడు. మందు ఇంట్లో ఎక్కడిదని అడిగినప్పుడు మాత్రం తలెత్తాడు. అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు. సంచిలో చిక్కుడుకాయలున్నాయి, జిడ్డుగా మెరుస్తున్నాయి. సంచి తెరిచి చూపించి, “నాకు వాసన తెలీదు, మీరు చూడండి బాబూ,” అన్నాడు. కానిస్టేబులు ముక్కు పెట్టి, మొహం తిప్పేసుకున్నాడు.

సాయంత్రానికి పెయింటరు, ఫోనులో కబురు విని, పరిగెత్తుకొచ్చాడు. చేతులకి ఇంకా తెల్లరంగు ఉంది. అక్క ఎలా ఉందని అడగలేదు. బావ ముందు నిలబడి, “చిక్కుడుకాయలు కోసిందా?” అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోయింది.

“ఏం కొట్టావు?” అన్నాడు పొగాయన.

“పురుగులు... నువ్వొచ్చేసరికి బాగుండాలని...”

“ఏం కొట్టావురా?”

“గూట్లో సీసా.”

పొగాయన లేచాడు. కొడదామనే లేచాడు. చెయ్యి గాలిలోకి వెళ్లి అక్కడే ఆగి, కిందకి వచ్చేసింది. “నా గడప తొక్కకు,” అన్నాడు. “ఈ జన్మలో నా గడప తొక్కకు.”

పెయింటరు నేల మీద చతికిలబడి ఏడుస్తున్నవాడల్లా తలెత్తాడు.

“తొక్కను బావా. నన్ను చంపినా నోరెత్తను. కానీ ఆ సీసా ఇంట్లో ఎందుకు ఉంచావు? ఒక్క మాట చెప్పు. ఎందుకు ఉంచావు?”

ఎదురుతిరిగి అడిగిన మాట కాదది. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. పొగాయన మొహం పక్కకి తిప్పుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

పోలీసులు వచ్చి సీసా తీసుకెళ్లారు. ఏళ్ల తరబడి ఎక్కడ వదిలించుకోవాలో తెలియక దాచిన దాన్ని కానిస్టేబులు నీళ్లసీసాలా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. గొంతులో గొట్టం తీశాక, తమ్ముడు తెలియక చేశాడని ఆవిడే వాంగ్మూలం ఇచ్చింది. కేసు లేకుండా పోయింది.

ఇద్దరూ ఒకే రోజు ఇంటికొచ్చారు. పొగాయన చేసిన మొదటి పని తోట పీకేయడం. ఒక మొక్క పీకడం, గోడకి ఆనుకుని ఊపిరి తీసుకోవడం, మళ్లీ ఇంకోటి. ముచ్చటపడి పెంచిన తీగల్ని ముక్కుకి గుడ్డ కట్టుకుని, చేతులకి ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని లాగాడు. మందు బాగానే పనిచేసింది. ఆకుల కింద పేనుబంక ఎండి రాలిపోయింది. సాలీళ్లూ, తేనెటీగలూ, వానపాములూ కూడా అక్కడే పడి ఉన్నాయి. పీకిన మొక్కల్ని వీధిలో వేస్తే ఏ మేకో తింటుంది. అక్కడే గొయ్యి తీసి పూడ్చి, మీద రాళ్లు పేర్చాడు. ఆ పనికి చాలా రోజులు పట్టింది.

ఆవిడ తేరుకున్నట్టే కనపడింది. రెండు మూడు వారాలు బాగానే ఉంది. వంట చేసింది, వీధిలో పలకరించినవాళ్లతో, “దోసకాయ తిని చావబోయిన దాన్ని నేనొక్కదాన్నే,” అని జోకులేసింది. తర్వాత ఒకరోజు పిక్కలు లాగుతున్నాయంది. మర్నాడు పాదాల్లో సూదులు గుచ్చుతున్నట్టుందంది. ఇంకొన్నాళ్లకి గుమ్మం దాటబోతే కుడిపాదం లేవలేదు. వేళ్లు నేలకి రాసుకుంటూ గుడ్డముక్కలా ఈడ్చుకొచ్చింది. ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు రబ్బరు సుత్తితో మోకాళ్ల మీద కొట్టి చూశాడు.

“కొందరికి ఆ మందు ఇలా ఆలస్యంగా నరాల మీద చూపిస్తుంది. కొంత తిరిగిరావచ్చు. పూర్తిగా వస్తుందని మాత్రం చెప్పలేను.”

తిరిగిరాలేదు. కాళ్ల తర్వాత చేతులు. అన్నం ముద్ద కలిపితే వేళ్ల సందుల్లోంచి జారిపోయేది. ఒకసారి ఆయన చొక్కా గుండీ ఊడితే, తనే కుట్టిపెడతానని పట్టుబట్టి సూది తెప్పించుకుంది. వేళ్లు సూది పట్టుకున్నాయో లేదో కూడా తనకి తెలియలేదు. వేలికి గుచ్చుకుని రక్తం వస్తే అప్పుడు చూసింది. సూదిని తీసి పక్కన పెట్టేసింది.

పెయింటరు రోజూ వీధి చివరిదాకా వచ్చేవాడు. చింపిరి జుట్టుతో, మాసిన గడ్డంతో కరెంటు స్తంభం దగ్గర నిలబడి వెళ్లిపోయేవాడు. కిటికీలోంచి ఆవిడకి ఆ ఆకారం మసకగా కనపడేది.

“వాణ్ణి రానివ్వండి,” అంది ఒకరోజు.

“వద్దు.”

“వాడు చేసింది మీకోసమండీ. మీరు తోట చూసి బాధపడకూడదని.”

“నాకోసం కాబట్టే నాకు మింగుడు పడట్లేదు. డబ్బుకోసమో, పగతోనో చేసుంటే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.”

“నా కాళ్లు పోయాయి, నా చేతులు పోయాయి. నేనే ఊరుకున్నాను. మీకేమైంది?”

దానికి జవాబుండి కూడా ఆయన చెప్పలేదు. బావమరిదిని లోపలికి రానిస్తే వాడు మళ్లీ ఆ సీసా ప్రశ్న అడుగుతాడు. అడక్కపోయినా ఆ ప్రశ్న వాడితో పాటే గుమ్మంలోకి వస్తుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అందుకే ఇంక రెట్టించలేదు.

ఎండలు ముదిరిన ఒక ఉదయం ఆవిడ స్నానాలగదిలో పడిపోయింది. ఎముక విరగలేదు గానీ లేవలేదు. ఆయన చంకల కింద చేతులు వేసి లేపబోయాడు. జానెడు లేచింది, జారింది. మళ్లీ పట్టాడు. ఊపిరి అందక కళ్లు తిరిగాయి. చివరికి ఆయన కూడా తడినేల మీద పక్కనే కూలబడ్డాడు. ఇద్దరూ గోడకి ఆనుకుని, కుళాయి కింద బకెట్టు నిండి పొర్లుతుంటే చూస్తూ కూర్చున్నారు. ఆవిడ ఒంటి మీద తడిబట్ట తప్ప ఏమీ లేదు. పక్కింటివాళ్లని పిలుస్తానన్నాడు.

“ఇలా ఉండగా వాళ్లెవర్నీ పిలవకండి,” అంది. “వాడికి నేను స్నానం చేయించి పెంచాను. వాణ్ణి పిలవండి.”

ఆయన చెయ్యి చాచి కుళాయి కట్టేశాడు. తర్వాత దేక్కుంటూ గదిలోకి వెళ్లి ఫోను తీశాడు.

“అక్క పడిపోయింది. రా,” అన్నాడు. అంతకుమించి ఒక్క మాట లేదు.

పెయింటరు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, బావ వంక చూసి, లోపలికి అడుగుపెట్టాడు. దుప్పటి కప్పి అక్కని రెండు చేతుల మీద ఎత్తుకుని మంచం మీదకి చేర్చాడు. తర్వాత వెనక్కి వచ్చి, చెయ్యి అందించి బావని లేపాడు.

ఆ రోజునుంచీ పొద్దున్నే పనికి పోయేముందు వచ్చేవాడు. అక్కని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం, పక్కగుడ్డలు మార్చడం, నీళ్లు తోడి పెట్టడం. బావా బావమరుదుల మధ్య మాటలు పనికి సరిపడానే. “కాస్త ఎత్తు.” “ఇటు తిప్పు.” “చాలు.” ఒక్కోసారి రోజంతటికీ అంతే.

ఒక పొద్దున పెయింటరు వంగి అక్క పాదాలు తుడుస్తున్నాడు. పొగాయన తలుపు చెక్కకి ఆనుకుని నిలబడి, అతని వీపు చూస్తూ అన్నాడు.

“సీసా నాది.”

పెయింటరు చెయ్యి ఆగింది. తల తిప్పలేదు.

“కలిపింది నేను బావా.”

“ఇంట్లోకి తెచ్చింది నేను. లేబులు ఊడిపోయినప్పుడైనా ఏదన్నా చేసుండాల్సింది.”

“నేను నిన్నొక్క మాట అడిగుంటే...” అని మొదలుపెట్టి పెయింటరు ఆపేశాడు.

కుర్చీలోంచి ఆవిడ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది.

“మీ ఇద్దరి వాటాలూ తేలిపోతే నన్ను కాస్త ఎండలోకి జరుపుతారా? కాళ్లు చల్లబడిపోయాయి,” అంది.

ఇద్దరూ చెరోవైపూ కుర్చీ పట్టుకున్నారు.

ఆవిడ ఆ మీదట వానాకాలం మొత్తం ఉంది. చలి మళ్లీ మొదలయ్యాక జలుబు ఛాతీలోకి దిగింది. దగ్గే శక్తి కూడా ఒంట్లో లేదు. ఆసుపత్రికి వద్దంది. ఆఖరి రోజుల్లో మాట తక్కువైపోయింది. తమ్ముడు చెంచాతో నీళ్లు పోస్తుంటే ఒకసారి, “నువ్వు తిన్నావా?” అని అడిగింది. అదే చివరి మాట. మర్నాడు ఉదయం, పెయింటరు వచ్చే వేళకి ముందే, పొగాయన చూస్తుండగానే ఊపిరి ఆగిపోయింది. ఆయన ఆవిడ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు కూడా వణుకుతున్నవి ఆయన చేతులే.

అన్నీ అయ్యాక, వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, ఇల్లు ఖాళీ అయింది. పెరడు ఖాళీగానే ఉంది. పక్కింటాయన వచ్చి, “నేల బంగారంలా ఉంటుంది, ఊరికే వదిలేస్తే ఎలా? నేను నాలుగు మొక్కలు వేసుకోనా?” అని అడిగితే, వద్దన్నాడు పొగాయన. ఎందుకని అడిగితే, “అందులో ఏముందో నాకు తెలుసు,” అన్నాడు. ఆ రాళ్లనీ మట్టినీ ఎవర్నీ తాకనివ్వలేదు.

మర్నాడు పొద్దున పెయింటరు అలవాటు కొద్దీ అదే వేళకి వచ్చాడు. లోపల ఎత్తడానికి ఎవరూ లేరు. మంచం మీద పరుపు చుట్టేసి ఉంది. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాలో లేదో తెలియక అటూ ఇటూ చూశాడు.

“కూర్చో,” అన్నాడు పొగాయన.

కూర్చున్నాడు. పొయ్యి మీద టీ కాచింది కూడా పెయింటరే. బావకి సగం గ్లాసే పోశాడు. ఇద్దరూ తాగారు.

“బజార్నించి ఏమన్నా తేవాలా బావా?”

“ఏదో ఒకటి తే. ఉడకబెట్టి తినేది.”

“సరే.”

గ్లాసులు కడిగి బోర్లించి, వెళుతూ వెళుతూ పెరటి తలుపు గడియ పడిందో లేదో చూసి, పెయింటరు పనికి వెళ్లిపోయాడు.